బడి మాన్పించిన ఇంట్లో అయిదు రోజులు



2024 అక్టోబరు నెలలో అమెరికా దేశములోని పెన్సిల్వేనియా రాష్ట్రమునకు వెళ్లే అవకాశము నాకు కలిగింది. అక్కడి లూథరన్ సంఘములవారు మన ప్రాంతము నుండి కొందరు పాస్టర్లను ఆహ్వానించగా వారిలో నేనొకడిని. సభల సంగతులు, విమానపు సంగతులు ఇదివరకే చాలామంది రాశారు గనుక నేను మళ్లీ రాయను. సభలు ముగిసిన తరువాత లాంకాస్టర్ అనే ప్రాంతములో ఒక తెలుగు ఇంట్లో గడిపిన అయిదు రోజులను గురించి మాత్రము మీతో చెప్పాలని ఉంది. ఎందుకంటే ఒక పని మీద ఆ ఇంటికి వెళ్లాను. ఆ పని చేయకుండానే తిరిగి వచ్చాను.

మా సంఘ పెద్దలలో ఒకరు మండల పరిషత్ పాఠశాలలో హెడ్‌మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊరంతా ఆయనను మాస్టారు అనే పిలుస్తారు. నా ప్రయాణమునకు ముందటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆయన నన్ను గుడి వెనక వేపచెట్టు కిందికి పిలిచారు.

"అయ్యగారూ, మా అమ్మాయి మనవణ్ణి బడి మాన్పించిందండి. ఇంట్లోనే చదువు చెబుతుందంట. దానికోసం నర్సు ఉద్యోగం కూడా సగానికి తగ్గించుకుంది. నేను చెప్తే వినడంలేదు. మీరు ఎట్లాగూ వెళ్తున్నారు, మీరైనా నాలుగు మాటలు చెప్పండి."

ఆ సంగతి ఆయనకు ఎలా తెలిసిందంటే, ఒక రోజు సాయంత్రము వీడియో ఫోను చేసినప్పుడు అక్కడ ఉదయము పదిగంటలు. బడిలో ఉండవలసిన పిల్లవాడు తెరమీద కనిపించాడు. జ్వరమేమో అని అడిగితే అప్పుడు బయటపడింది.

ఆయన బాధ చదువరులకు అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. మాస్టారి తండ్రి పాలేరు. కొడుకును మిషను బోర్డింగులో చేర్చడానికి ఆయన ఆసామి దగ్గర తిట్లు తిన్నాడు. మాస్టారు ఉద్యోగములో ఉన్నంతకాలము ప్రతి జూన్ నెలలో పొలాల గట్లంట తిరిగి, పత్తిచేలల్లో మిరపచేలల్లో ఉన్న పిల్లలను చేయి పట్టుకొని బడికి తెచ్చేవారు. బడి మాన్పించడము అంటే మన ఊళ్లలో అర్థము ఒకటే, పిల్లవాడి జీవితము కూలిలోకి పోయిందని. అటువంటి మనిషి కూతురు, తన కొడుకును తానే బడి నుండి ఇంటికి తెచ్చుకొంది.

నేను వెంటనే సరే అన్నాను. మా తాతగారు బడి వరండాలో, మిగతా పిల్లలకు దూరముగా కూర్చొని అక్షరాలు నేర్చుకొన్నవారు. మన గుంటూరు సీమకు బడిని తెచ్చిన హయ్యర్ అయ్యగారిని 1842లో మన దగ్గరకు పంపినది ఈ పెన్సిల్వేనియా లూథరన్ సంఘములే. స్త్రీల కోసము ఆసుపత్రి కట్టించిన కుగ్లర్ దొరసాని గారు కూడా 1883లో ఆ రాష్ట్రము నుండే వచ్చారు. మనకు బడిని ఇచ్చిన నేల మీద మనవాళ్ల బిడ్డ బడి మానడమేమిటి అని నాలో నేను నవ్వుకొన్నాను కూడా.

ఫిలడెల్ఫియా నుండి పడమటికి కారులో గంటన్నర ప్రయాణము. పట్టణము దాటగానే ఎండిన మొక్కజొన్న చేలు మొదలయ్యాయి. గుంటూరు జిల్లావాడిని గనుక నా కన్ను ముందుగా పొగాకు మీద పడింది. అవును, అక్కడ పొగాకు ఉంది! మనవాళ్లలా బ్యారన్‌లో మంటపెట్టి ఉడకబెట్టరు. నిలువు చెక్కల పెద్ద కొట్టాలలో మొక్కలను తలకిందులుగా వేలాడదీసి, గోడ చెక్కలు తెరిచి గాలికి ఆరబెడతారు. ఆ చేలలో ట్రాక్టర్లు లేవు, కంచర గాడిదలు ఉన్నాయి. రోడ్డు మీద మా కారు ముందు బూడిదరంగు గుర్రపుబండి ఒకటి నెమ్మదిగా పోతున్నది. బండిలో గడ్డమున్న మనిషి, నల్ల టోపీ. వారిని ఆమిష్ వారంటారు. ఇళ్లకు కరెంటు తీగ లాగించుకోరు, కార్లు కొనరు. ఇంటి ముందర గుమ్మడికాయలు అమ్మే బల్లల మీద, ఆదివారము అమ్మకము లేదని రాసిపెట్టి ఉంది.

ఆమిష్ వారి బడులు చూశాను. ఒకే గది, పైన గంట, పక్కన ఆటస్థలము, ఆరుబయట మరుగుదొడ్డి. ముప్పైమంది లోపు పిల్లలు, ఎనిమిది తరగతులు, ఒక పెళ్లికాని అమ్మాయి టీచరు. ఆ అమ్మాయి చదువు కూడా ఎనిమిదే. ఎనిమిదో తరగతి తరువాత పిల్లలు పొలానికి, వడ్రంగానికి, వంటింటికి వెళతారు. దానికోసము వారు కోర్టుకెక్కారు. విస్కాన్సిన్ రాష్ట్రములో ముగ్గురు తండ్రులకు పిల్లలను హైస్కూలుకు పంపలేదని తలకు 5 డాలర్లు జరిమానా వేస్తే, కేసు పెద్ద కోర్టు దాకా వెళ్లి 1972లో తండ్రుల పక్షాన తీర్పు వచ్చింది. అంతకుముందు 1925లోనే ఆరెగాన్ రాష్ట్రపు కేసులో, పిల్లలనందరినీ ప్రభుత్వ బడికే పంపాలని నిర్బంధించకూడదని అదే కోర్టు చెప్పింది. ఇంట్లో చదువు చెప్పుకొనేవారు ఈ రెండు తీర్పులను తరచుగా చెబుతారు. రెండింటిలో ఏదీ నేరుగా ఇంటి చదువును గురించినది కాదు.

మాస్టారి అమ్మాయి ఇల్లు చిన్న ఊరి చివర ఉంది. అల్లుడు కంప్యూటరు ఉద్యోగి, ఉదయమే వెళ్లిపోయాడు. పదేళ్ల పిల్లవాడు నన్ను చూసి "వందనాలు అయ్యగారు" అన్నాడు. తాతగారే నేర్పించి ఉంటారు.

మొదటి రోజు నేను ఏమీ మాట్లాడలేదు, చూశాను. భోజనపు బల్లే బడి. ఎనిమిదిన్నరకు ప్రార్థన, తరువాత లెక్కలు. భిన్నాలు. కుక్కరులో బియ్యము పోస్తూ "ముప్పావు కప్పు కావాలి, పావు కప్పు గిన్నెతో ఎన్నిసార్లు పోయాలి?" అని తల్లి అడుగుతుంది, వాడు పోస్తాడు. పదిన్నరకు వాడు సోఫా మీద తలకిందులుగా పడుకొని ఒక పుస్తకము గంటసేపు చదివాడు. మన బడిలో అయితే ఆ భంగిమకు రెండు దెబ్బలు పడేవి. మధ్యాహ్నము తెలుగు అక్షరాలు. 'ఱ' ఎందుకు ఉంది అని నన్ను అడిగాడు, నేను చెప్పలేకపోయాను.

చట్టము ఏమంటుందని అడిగితే ఆమె ఒక ఫైలు తెచ్చింది. పెన్సిల్వేనియాలో ఇంటి చదువుకు 1988లో చట్టము చేశారు. చెప్పే తల్లికో తండ్రికో కనీసము హైస్కూలు చదువు ఉండాలి. ఏటా బడి అధికారికి ప్రమాణపత్రము ఇవ్వాలి. సంవత్సరానికి 180 రోజులు, లేదా ప్రాథమిక తరగతులకు 900 గంటలు, పై తరగతులకు 990 గంటలు చదువు జరగాలి. చదివిన పుస్తకాల పట్టిక, రాసిన నోటుపుస్తకాలు దాచిపెట్టాలి. 3, 5, 8 తరగతులలో పరీక్ష ఉంటుంది. ఏడాది చివర అర్హతగల ఒక పరీక్షకుడు పిల్లవాడితో మాట్లాడి, పని చూసి, సంతకము పెట్టాలి. అగ్నిప్రమాదములను గురించి కూడా క్రమముగా నేర్పాలని చట్టములో ఉంది! అందుకే ఫ్రిజ్ మీద వాడు గీసిన ఇంటి పటము, మంటలు లేస్తే ఏ తలుపు గుండా పరుగెత్తాలో బాణపు గుర్తులతో అతికించి ఉంది.

అన్ని రాష్ట్రాలలో ఇలా లేదు. టెక్సాస్, ఐడహో వంటిచోట్ల ఎవరికీ చెప్పనవసరము కూడా లేదు.

రెండో రోజు రాత్రి అల్లుడు, పిల్లవాడు నిద్రపోయిన తరువాత ఆమె వంటింట్లో గిన్నెలు తుడుస్తూ తానే ఎత్తింది.

"నాన్న మిమ్మల్ని పంపించారని తెలుసు అయ్యగారూ."

అప్పుడు చెప్పింది. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూసినప్పుడు పిల్లవాడు కిండర్‌గార్టెన్‌లో ఉన్నాడు. కంప్యూటరు తెర మీద పాఠము జరుగుతుంటే వాడు చదువుతున్నట్టు నటిస్తున్నాడని ఆమె అప్పుడే కనిపెట్టింది. మెల్లగా నేర్పించుకొంది. తరువాత బడి తెరిచారు, బాగానే ఉంది. నాలుగో తరగతిలో దొంగ చొరబడితే దాక్కునే అభ్యాసము చేయించారు. లైట్లు ఆర్పి, తలుపు గడియవేసి, పిల్లలందరూ మూలన నేలమీద కూర్చొని, ఒక్క మాట లేకుండా. అక్కడి బడులన్నిటిలో ఇది మామూలే. కానీ వాడికి ఆ రోజు దగ్గు వచ్చిందట. పక్కనున్న పిల్లవాడు, "నీ దగ్గు వలన మనమందరము చచ్చిపోతాము" అన్నాడట. ఆ రాత్రి నుండి పక్క తడపడము మొదలయింది. తొమ్మిదేళ్లవాడు. నెలలు గడిచినా ఆగలేదు.

"నాన్నకు ఇది చెప్పలేదండి. చెబితే అక్కడ నిద్రపోరు. చదువుకోసమే అని చెప్పాను," అంది.

నాకు ఇవ్వవలసిన నాలుగు మాటలు నోట్లోనే ఉండిపోయాయి.

మరునాడు ఆమె నన్ను నికెల్ మైన్స్ అనే చోటుకు తీసుకువెళ్లింది. 2006 అక్టోబరు 2న ఒక మనిషి తుపాకీతో అక్కడి ఆమిష్ బడిలోకి చొరబడి పదిమంది ఆడపిల్లలను కాల్చాడు, అయిదుగురు చనిపోయారు. ఆ మనిషి తనను తాను కాల్చుకొన్నాడు. పిల్లలను పోగొట్టుకొన్నవారు అతని భార్య ఇంటికి వెళ్లి ఓదార్చారు, అతని సమాధి కార్యక్రమములో నిలబడ్డారు. ఆ సంగతి లోకమంతటికీ తెలుసు. నేను వెళ్లేసరికి అక్కడ పచ్చిక తప్ప ఏమీ లేదు. బడిని కొద్దిరోజులకే కూల్చివేశారు. కానీ ఆమిష్ వారు పిల్లలను ఇళ్లలో కూర్చోబెట్టలేదు. దగ్గరలోనే 2007లో మరొక బడి కట్టుకొని పంపించారు. ఇది ఆమెతో అన్నాను. ఆమె కాసేపు ఊరుకొని, "వాళ్ల బడి వాళ్లదే అయ్యగారూ. తల్లిదండ్రులే కట్టారు, టీచరు వాళ్ల పిల్లే. నాకు అట్లాంటి బడి ఉంటే నేనూ పంపేదాన్ని," అంది.

బుధవారము ఒక చర్చి భూగృహములో ఇంటి చదువుల కుటుంబాలు కూడుకొంటాయి. ఒక తల్లి విజ్ఞానశాస్త్రము చెబుతుంది, ఒక తండ్రి వడ్రంగము, ఒక ముసలాయన సంగీతము. నన్ను భారతదేశము గురించి చెప్పమన్నారు. చెప్పి, కాఫీ తాగుతూ నేను అందరినీ ఒకటే అడిగాను, ఎందుకు మాన్పించారు అని. అందరూ భక్తి కోసమే అంటారనుకొన్నాను. ఆరుగురు పిల్లల ఒక రైతు అలాగే అన్నాడు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము విప్పి, పిల్లలకు దేవుని మాట నేర్పే పని తలిదండ్రులకే అప్పగించబడింది గాని ప్రభుత్వానికి కాదన్నాడు. ఇదే రాష్ట్రములోని అబింగ్టన్ అనే ఊరి కేసులో 1963లో బడులలో ఉదయపు బైబిలు పఠనమును కోర్టు ఆపినదని, ఆ బాధ తన తాత దగ్గర నుండి వింటూ వచ్చానని చెప్పాడు. మన దేశములో మనము తక్కువమందిమి గనుక బడిలో ఎవరి ప్రార్థనా బలవంతము చేయరాదన్న తీర్పు నాకు అంత చెడ్డగా తోచలేదు. ఆ మాట ఆయనతో అనలేదు, అతిథిని గదా.

కానీ మరొక దంపతులకు దేవుని మీద నమ్మకమే లేదు. వారి అమ్మాయి లెక్కలలో తరగతికి మూడేళ్లు ముందుంది, బడిలో విసిగిపోయింది. వారు జాన్ హోల్ట్ అనే ఆయన పుస్తకములు చదివారు. ఆయన బడి పంతులుగా పనిచేసి, బడిలో పిల్లలు భయముతోనే తప్పుతున్నారని 1964లో ఒక పుస్తకము రాశాడు. బళ్లను బాగుచేయలేమని విసిగి, 1977లో ఇంటి చదువుల వారికోసము ఒక పత్రిక మొదలుపెట్టాడు. ఆయన భక్తిపరుడేమీ కాదు. 2016లో ఆ దేశపు విద్యాశాఖవారు అన్నిటికంటె ముఖ్య కారణమేమిటని ఇంటి చదువుల తలిదండ్రులను అడిగితే, నూటికి 34 మంది బడి వాతావరణము అన్నారు. మత బోధ అన్నవారు 16 మందే.

నా మనసులో నిలిచిపోయినది ఒక నల్లజాతి తల్లి మాట. ఆమె బస్సు నడుపుతుంది. కొడుకు బడిలో ఏ చిన్న అల్లరికైనా అందరికంటె ముందు బయట నిలబెట్టబడేవాడట. "లెక్కలు రావు" అని వెనక వరుసలో వేశారు. ఇంటికి తెచ్చుకొన్న ఏడాదికి వాడికి లెక్కలు వచ్చాయి. నేను మా తాతగారి వరండా సంగతి చెప్పాను. 1954 తీర్పు వచ్చేదాకా ఆమె అమ్మమ్మ వర్జీనియాలో నల్లవారికి వేరుగా పెట్టిన బడిలో చదివిందట. "అమ్మమ్మ పోరాడి తలుపు తెరిపించింది, నువ్వేమో బయటికి వచ్చేశావని మా అమ్మ నాతో ఆరు నెలలు మాట్లాడలేదు," అని నవ్వింది. మాస్టారు గుర్తుకువచ్చారు. 2020లో కరోనా కాలములో నల్లజాతి కుటుంబాలలో ఇంటి చదువు నూటికి మూడిళ్ల నుండి పదహారిళ్లకు పెరిగిందని జనాభా లెక్కలవారు చెప్పారు. అందులో కొందరు తరువాత బడికి తిరిగి పంపి ఉంటారు. ఆమె పంపలేదు.

అంతా మంచే చూశానని చదువరులు అనుకోవద్దు. అదే భూగృహములో కుర్చీలు సర్దుతున్న ఒక యువకుడు నన్ను పక్కకు పిలిచి తన సంగతి చెప్పాడు. వాడూ ఇంట్లోనే చదివాడు. తల్లికి జబ్బు చేసింది, తండ్రికి తీరిక లేదు. వాక్యము బాగా వచ్చింది గాని పద్దెనిమిదేళ్లకు బీజగణితము రాదు. రెండేళ్లు కాలేజీలో మొదటినుండి నేర్చుకోవలసివచ్చింది. "అమ్మను తప్పుపట్టను, కానీ ఎవరైనా వచ్చి చూసి ఉంటే బాగుండేది," అన్నాడు. కాలిఫోర్నియాలో 2018లో ఒక ఇంటినుండి పదమూడుగురు అన్నదమ్ములు అక్కచెల్లెళ్లు బయటపడ్డారు. కొందరిని గొలుసులతో కట్టి, ఆకలితో మాడ్చి, ఇంటి బడి అని కాగితాల మీద చూపించి, ఆ తలిదండ్రులు ఏళ్ల తరబడి లోకము కంటపడకుండా నడిపారు. బడికి వెళ్లే పిల్లవాడి వంటిమీద దెబ్బను కనీసము టీచరు చూస్తుంది. మాస్టారు తన ఉద్యోగములో అటువంటి దెబ్బలు ఎన్ని చూసి, ఎందరి ఇళ్లకు వెళ్లి మాట్లాడారో నాకు తెలుసు.

ఆ ఇంట్లోనూ కష్టము లేకపోలేదు. ఆమె శని ఆదివారాలు ఆసుపత్రిలో పన్నెండేసి గంటలు పనిచేసి, సోమవారము ఎర్రబడిన కళ్లతో భిన్నాలు చెబుతున్నది. ఆదివారము ఆరాధన తప్పిపోతున్నదని ఏడ్చింది. పిల్లవాడు సాయంత్రము మూడున్నరకు పసుపుపచ్చ బస్సు వచ్చే వేళకు కిటికీ దగ్గర నిలబడతాడు. బస్సులోనుండి ఎవరో చేయి ఊపితే వీడూ ఊపుతాడు. నేను చూశానని వాడికి తెలియదు. పక్క తడపడము మాత్రము సెప్టెంబరులో ఆగిపోయిందట.

ఇక నా సంగతి కూడా రాయకపోతే ఇది సగము నిజమే అవుతుంది. నాలుగో రోజు రాత్రి నిద్రపట్టక నా భార్యకు ఫోను చేశాను. మా ఒక్కగానొక్క అబ్బాయి అప్పటికి పదో తరగతి. ఆరో తరగతి చివర్లోనే, ఊరి బడిలో చదివితే ఎందుకూ పనికిరాడని, దూరముగా ఒక ప్రైవేటు హాస్టలు బడిలో చేర్చాను. ఫీజుకు నా భార్య గాజులు తాకట్టు పెట్టాము. ఆదివారము పది నిమిషాలు ఫోను. వాడు మొదటి సంవత్సరము ప్రతి వారమూ "నాన్నా, నన్ను తీసుకెళ్లండి" అన్నాడు. రెండో సంవత్సరము అనడము మానేశాడు. అలవాటు పడ్డాడని నేను సాక్ష్యములో కూడా చెప్పాను.

ఆ రాత్రి కాగితము మీద లెక్క వేశాను. దసరాకు అయిదు రోజులు, క్రిస్మసుకు రెండు, సంక్రాంతికి అయిదు, వేసవికి నెల, మధ్యలో జ్వరమొచ్చి పంపిన రోజులు. ఏడాదికి నలభై అయిదు. నాలుగేళ్లకు నూట ఎనభై. పెన్సిల్వేనియావారు ఒక్క సంవత్సరానికి అడిగే రోజులు అవి. మాస్టారి మనవడు బడి మానినందుకు బుద్ధి చెప్పడానికి ఏడు సముద్రాలు దాటి వచ్చినవాడిని నేను.

మన దేశములో 2009 నాటి చట్టము ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును హక్కుగా చేసింది. 2010 ఏప్రిల్ నుండి అమలులో ఉంది. ఇంటి చదువుకంటూ మనకు ప్రత్యేక చట్టము లేదు, ఓపెన్ స్కూలు ద్వారా పది పరీక్ష రాసుకొనే దారి ఉంది. కానీ మన సంఘములలో తెల్లవారకముందే కూలికి వెళ్లే తల్లి, భోజనపు బల్ల లేని ఇల్లు, ఇక్కడ ఆ మాట ఎత్తడము నాకు న్యాయముగా తోచదు. మనకు బడి కావాలి, దగ్గరలో కావాలి, దెబ్బలు లేకుండా కావాలి. ఆమెతో కూడా ఇదే అన్నాను. ఆమె ఒప్పుకొంది. బయలుదేరే రోజు ప్రార్థన చేశాను గాని, మానమనీ చెప్పలేదు, కొనసాగించమనీ చెప్పలేదు. నాన్నగారికి నిజము చెప్పమని మాత్రము చెప్పాను.

ఊరికి వచ్చిన ఆదివారము మాస్టారు మళ్లీ అదే వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. అమ్మాయి ముందురోజే ఫోనులో చెప్పిందట. ఆయన కళ్లు వాచి ఉన్నాయి.

"నాకెందుకు ముందే చెప్పలేదయ్యగారూ? నేనంత కఠినుడినా?" అన్నారు. కాసేపటికి, "అయినా బడి మాన్పించడం తప్పేనండి," అన్నారు.

మనవడు ఇచ్చిన ఉత్తరము ఆయన చేతిలో పెట్టాను. తెలుగులో తొమ్మిది పంక్తులు, వంకర అక్షరాలు. ఆయన జేబులోనుండి ఎర్ర పెన్ను తీసి, నిలబడే తప్పులు దిద్దడము మొదలుపెట్టారు. దిద్దడము ఆపి, లాంకాస్టర్‌లో పొద్దున పదిగంటలైతే మనకు ఎంత అవుతుందని అడిగారు. రాత్రి ఏడున్నర అన్నాను.

ఆ సోమవారము నుండి ఏడున్నరకు మాస్టారి ఇంట్లో టీవీ కట్టేస్తున్నారు. నవంబరులో అక్కడివారు గడియారము వెనక్కు తిప్పుకొన్నాక ఎనిమిదిన్నరకు మార్చారు. 'ఱ' సంగతి ఆయన మొదటి వారములోనే చెప్పేశారట.

మా అబ్బాయి క్రిస్మసుకు వచ్చినప్పుడు, పది పూర్తి కాగానే ఇంటినుండి బస్సులో వెళ్లివచ్చే కాలేజీలో చేరుదువుగాని అన్నాను. వాడు నా ముఖము వంక చూసి, వాళ్ల అమ్మను "నాన్నకు ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు.